పచ్చిక కోయక ముందే

1888 వ సంవత్సరం మే నెల. ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగంలో, రోన్ నది ఒడ్డున ఉన్న ఆర్ల్ పట్టణం వెలుపల ఒక పచ్చికబీడు. బీడు నిండా పసుపుపచ్చని బటర్‌కప్ పూలు. ముందువైపున ఒక కాలువ. దాని వెంబడి కత్తుల వంటి ఆకుల నడుమ ఊదారంగు ఐరిస్ పూలు. వెనుక బూడిదరంగు విల్లో చెట్లు, వాటి వెనుక పట్టణం, పైన సన్నని నీలాకాశపు చీలిక. అంతకు మూడు నెలల కిందటనే పారిస్ నుండి ఆ ఊరు చేరిన ముప్పదియైదేండ్ల చిత్రకారుడు ఒకడు ఈ దృశ్యాన్ని చిత్రించి, ఆ సంగతి పారిస్‌లో ఉన్న తమ్మునికి ఉత్తరంలో తెలిపినాడు. పసుపు, ఊదా పూలు కమ్ముకొన్న పొలాల నడుమ ఆ చిన్న ఊరు జపాను దేశపు స్వప్నంలా ఉన్నదని మురిసినాడు. చిత్రానికి కూర్పు కుదరడం కష్టమైనదని ఒప్పుకొన్నాడు. పచ్చిక కోయకుండా ఉంచితే మరల ఒకమారు దీనిని చిత్రించాలని ఉన్నదని కూడ వ్రాసినాడు.

ఆ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో. ఆ చిత్రం నేడు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో అతని పేరిట వెలసిన మ్యూజియంలో ఉన్నది. ఎత్తు 54 సెంటీమీటర్లు, వెడల్పు 65 సెంటీమీటర్లు. బడిపిల్లవాడు రెండు చేతులతో పట్టుకొనగలిగినంత కాన్వాసు. మనం ఇక్కడ ఆలోచించవలసినది ఆ ఉత్తరంలోని ఒక్క షరతును గురించి: పచ్చిక కోయకుండా ఉంటే. అడవిపూలను చిత్రించడంలోని కష్టమంతా ఆ మాటలో ఇమిడి ఉన్నది. తోటలోని గులాబికి తోటమాలి ఉంటాడు. కుండీలోని చేమంతికి నీరు పోసేవారుంటారు. బీడులో తనంత తాను పూచిన పువ్వుకు ఎవరూ లేరు. పశువులకు మేత కావలసినప్పుడు కొడవలి వస్తుంది, పువ్వు పోతుంది. చిత్రకారుడు చేయవలసిన పని ఏదైనా ఆ కొడవలికి ముందే చేయవలెను.

కాలం ఒక చిక్కు మాత్రమే. రెండవ చిక్కు కంటికి సంబంధించినది. పూలబీడును బొమ్మ వేయుమని పిల్లలను అడిగి చూడండి. ఎక్కువమంది అయిదు రేకులతో ఒక పువ్వును శ్రద్ధగా గీసి, దానినే ఇరువది సార్లు తిరిగి గీస్తారు. కాగితం మీద ఇరువది పూలు ఉంటాయి గాని బీడు ఉండదు. కొందరు పచ్చని రంగు పులిమి దానిమీద ఎర్రని చుక్కలు పెడతారు. అప్పుడు కనిపించేది పూలబీడు కాదు, అద్దకపు బట్ట. బీడులోని పూలు ఒక్కొక్కటీ వేరు, అన్నీ కలిసి ఒకటి. ఈ రెండు సంగతులను ఒకేసారి చెప్పడం పెద్ద చిత్రకారులకు సైతం తేలిక కాలేదు.

దీనికి వెనుకటివారు వేర్వేరు మార్గాలు తొక్కినారు. జహంగీరు చక్రవర్తి 1620 లో కాశ్మీరుకు వెళ్ళినప్పుడు, అక్కడి పూలలో తన ఆస్థాన చిత్రకారుడు మన్సూరు చిత్రించినవే నూరుకు పైబడినవని స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. మన్సూరు పద్ధతిలో పువ్వు ఒంటరిగా నిలుస్తుంది. రేకుల అంచు, ఆకుల ఈనె, తొడిమ వంపు సన్నని కుంచెతో స్పష్టమౌతాయి. వృక్షశాస్త్రజ్ఞుడు సైతం మెచ్చవలసిన పని అది. అయితే అందులో బీడు లేదు. ఉండవలెనని మన్సూరు కోరుకోనూ లేదు. ఫ్రాన్సులో క్లోద్ మోనే 1873 లో ఆర్జాంతయ్ గ్రామం దగ్గర ఎర్రని పాపీ పూల పొలాన్ని చిత్రించినాడు. అందులో పూలకు రేకులు లేవు. ఎర్రని రంగు మచ్చలు మాత్రమే ఉన్నవి. దగ్గరి పూలైతే పెద్ద మచ్చలు, దూరపువైతే చిన్నవి. కొంచెం వెనుకకు జరిగి చూస్తే పొలమంతా గాలికి కదలుతున్నట్లుంటుంది. మోనేకు పొలం దక్కినది, విడి పువ్వు కరిగిపోయినది.

వాన్ గో ఈ రెండింటి నడుమ మరొక త్రోవ వెదకినాడు. ఆ త్రోవకు సాధనం రంగు మందం.

రంగును పలుచగా పూయక, ముద్దగా, గట్లుగట్లుగా నిలిచేటట్లు పెట్టే పద్ధతిని ఇటలీ భాషనుండి వచ్చిన మాటతో ఇంపాస్టో అంటారు. ఇది అతడు కనిపెట్టినది కాదు. రెండు వందల ఏండ్లకు ముందే హాలెండు దేశపు రెంబ్రాంట్ ముఖం మీది వెలుగును, నగల మెరుపును ఇట్లే దట్టంగా పెట్టినాడు. వాన్ గో అమితంగా గౌరవించిన మార్సెయ్ పట్టణపు చిత్రకారుడు మోంటిచెల్లి పూలగుత్తులను దట్టమైన రంగు ముద్దలతో చిత్రించినాడు. ఆయన 1886 లో మరణించగా, ఆ పని తాను కొనసాగిస్తున్నట్లు వాన్ గో భావించుకొన్నాడు.

ఈ పద్ధతి నీటిరంగులకు ఎందుకు పొసగదో, తైలవర్ణాలకు ఎందుకు పొసగుతుందో విద్యార్థులు తెలుసుకోవడం మంచిది. నీటిరంగు ఆరడమంటే అందులోని నీరు ఆవిరైపోవడం. నీరు పోగానే రంగు కుంచించుకొని కాగితానికి అంటుకొంటుంది. తైలవర్ణంలో రంగుపొడిని సాధారణంగా అవిసెనూనెతో నూరుతారు. ఆ నూనె ఆవిరి కాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి, మెల్లగా తనలో తాను పెనవేసుకొని గట్టిపడుతుంది. కనుక కుంచె లేపిన గట్టు దాదాపు లేచిన ఎత్తుననే నిలిచిపోతుంది. పైపొర కొద్ది దినాలలో ఆరినా, లోపలి ముద్ద నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. అది గట్టిపడక ముందు కాన్వాసుల నొకదానిపై నొకటి పేర్చితే గట్లు నలిగిపోతవి. వాన్ గో చిత్రాలు కొన్నిటి మీద మరొక కాన్వాసు నేత అచ్చు పడి ఉండడం పరిశోధకులు గమనించినారు. ఆ ఆత్రపు మనిషి అవి ఆరేదాకా ఆగలేదన్నమాట.

మరొక సౌకర్యం కూడ ఆ శతాబ్దంలోనే వచ్చినది. అంతకు ముందు నూరిన రంగును పందుల మూత్రాశయాలతో చేసిన చిన్న సంచులలో కట్టి ఉంచేవారు. 1841 లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే లోహపు ట్యూబుకు పేటెంటు పొందినాడు. రంగుల పెట్టె చంకన పెట్టుకొని పొలాల్లోకి పోవడం సులువైనది. కుంచెకు లోహపు పట్టీ వేయడం వలన వెడల్పుగా, చదునుగా ఉండే కుంచెలు వాడుకలోకి వచ్చినవి. పందివెంట్రుకలతో చేసిన ఆ బిరుసు కుంచె దట్టమైన రంగులో నాగలిచాలు వంటి గీతలను విడిచిపోతుంది. బీడులో నిలబడి, ట్యూబులోని రంగును అట్లే కాన్వాసు మీదికి ఎక్కించి, కొడవలి వచ్చేలోగా పని ముగించడానికి కావలసిన పరికరాలు సిద్ధమైనవి.

చేయి సిద్ధం కావడానికి మాత్రం కొంతకాలం పట్టినది. అందుకు కారణం పేదరికమే కావడం విశేషం. 1886 లో పారిస్ చేరిన వాన్ గో మనుష్యుల బొమ్మలు వేయదలచినాడు గాని, ఎదుట కూర్చొనేవారికి ఇవ్వడానికి డబ్బు లేదు. పూలు ఏమీ అడగవు. ఎర్రని పాపీలు, నీలి కార్న్‌ఫ్లవర్లు, గులాబీలు, చేమంతులు తెచ్చుకొని వరుసగా చిత్రించినాడు. నీలానికి నారింజను, ఎరుపుకు ఆకుపచ్చను, పసుపుకు ఊదాను ఎదురు నిలిపి అభ్యాసం చేస్తున్నానని లివెన్స్ అనే తన ఆంగ్ల సహాధ్యాయికి తెలిపినాడు. ఎదురెదురు రంగులు పక్కపక్కన నిలిచినప్పుడు ఒకదానినొకటి రెచ్చగొడతవి. రెండేండ్ల తరువాత ఆర్ల్ బీడులో పసుపు బటర్‌కప్‌ల పక్కన ఊదా ఐరిస్‌లు ప్రత్యక్షమైనప్పుడు, పారిస్‌లోని చిన్న గదిలో నేర్చిన పాఠాన్ని ప్రకృతి తిరిగి అప్పగించినట్లయినది.

ఇక గట్టు చేసే పని ఏమిటో చూతము. పలుచని రంగు సమతలం. దానిమీద పడిన వెలుగు అంతటా ఒకే తీరుగా పరచుకొంటుంది. గట్టుగా నిలిచిన రంగుకు ఎత్తు ఉన్నది. పక్కనుండి వెలుగు పడితే ఆ గట్టు ఒక వైపు మెరుస్తుంది, రెండవ వైపు వెంట్రుకవాసి నీడ వేస్తుంది. ఒకే ఎరుపు రెండు ఎరుపులవుతుంది. చూచేవాడు రెండడుగులు కదిలితే మెరుపు కూడ కదలుతుంది. చిత్రంలోని పువ్వుకు రేకులు లెక్కపెట్టి గీయకపోయినా, పచ్చికనుండి పైకి లేచినట్లు తోచడానికి ఇది ఒక కారణం. ఇక కుంచె నడక సంగతి. ఆకు పైకి పెరుగుతుంది గనుక కుంచెను కిందనుండి పైకి లాగితే, ఆ చాలులోనే ఆకు పెరుగుదల కనిపిస్తుంది. పువ్వు చుట్టూ విచ్చుకొంటుంది గనుక కుంచెను నొక్కి తిప్పి ఎత్తితే, ఆ మెలికలోనే విచ్చుకోవడం కనిపిస్తుంది. గీసిన ప్రతి పువ్వూ ఒక వేరు కదలిక. కనుక ఏ రెండు పూలూ ఒకటి కావు. అన్నీ ఒకే చేతివేగంతో పడినవి గనుక బీడంతా ఒకటే. పిల్లల బొమ్మలో మనం చూచిన చిక్కుకు ఇదే అతని జవాబు.

అయితే ఈ పద్ధతి దయలేనిది. తడిరంగు మీద తడిరంగు పెట్టేటప్పుడు తడబడితే ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయి బురద మిగులుతుంది. చేయి పెట్టక ముందే ఏది ఎక్కడ పడవలెనో తెలిసి ఉండవలెను. పైగా రంగు ఖరీదైనది. వాన్ గోకు రంగులు, డబ్బు పంపినది తమ్ముడు థియో. దట్టంగా పెట్టిన ప్రతి ముద్దా తమ్ముని సంపాదనలో ఒక భాగమని అన్నకు తెలుసు. ఆ ఉత్తరాలు చదివినవారికి అతని కుంచె విసురులో నిర్లక్ష్యం కనిపించదు.

మందమైన రంగు మరొక విచిత్రం కూడ చేస్తుంది. అది బంకవంటిది, అంటినదానిని వదలదు. ఆరుబయట చిత్రించేటప్పుడు నాలుగు కాన్వాసుల మీదనుండి నూరుకు పైగా ఈగలను ఏరివేయవలసి వచ్చినదని వాన్ గో 1885 లోనే తమ్మునితో చెప్పుకొన్నాడు. అతడు 1889 లో వేసిన ఒక ఆలివ్ చెట్ల చిత్రం అమెరికాలోని కాన్సాస్ నగరపు మ్యూజియంలో ఉన్నది. దాని రంగుపొరలో చిన్న మిడత ఒకటి చిక్కుకొని ఉన్నట్లు 2017 లో వెల్లడించినారు. చుట్టూ రంగులో పెనుగులాడిన గుర్తులు లేవు గనుక అది అప్పటికే చనిపోయి గాలికి వచ్చి పడి ఉంటుందని తేల్చినారు. లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉన్న ప్రసిద్ధమైన ఐరిస్ పూల చిత్రంలో పుప్పొడి రాల్చే చిన్న పైన్ కంకి ఒకటి రంగులో కూరుకొని ఉన్నట్లు 2024 లో తెలియజేసినారు. ఆ చిత్రం పుట్టినది 1889 మే నెలలో, సాన్ రెమీ అనే ఊరి మానసిక చికిత్సాలయపు తోటలో. అతడు అక్కడ చేరిన వారం దినాలలోనే ఆ పని చేపట్టినాడు. పెద్ద పైన్ చెట్ల కింద కలుపుతో కలిసి గడ్డి ఏపుగా పెరిగిన తోట అది అని అతడే ఆ నెలలో తమ్మునికి వర్ణించినాడు. ఆ చెట్టుకింద కూర్చున్నాడనడానికి చెట్టే సాక్ష్యం పెట్టి పోయినది.

ఇంత గట్టిగా పట్టుకొనే రంగు అన్నిటినీ పట్టి ఉంచినదా అంటే, లేదు. ఆ ఐరిస్ పూలు మొదలుపెట్టినప్పుడు వాటిని ఊదా పూలని అతడు తమ్మునికి వ్రాసినాడు. నేడు ఆ చిత్రం ముందు నిలబడినవారికి కనిపించేవి చాలవరకు నీలి పూలు. అతడు వాడిన ఎరుపులలో జెరేనియం లేక్ అనేది ఒకటి. ఇయోసిన్ అనే కృత్రిమవర్ణం నుండి తయారైన ఆ ఎరుపు మిరుమిట్లు గొలిపేది గాని, వెలుతురుకు ఓర్వలేనిది. నీలంలో కలిపిన ఆ ఎరుపు ఏండ్ల తరబడి కాంతికి వెలిసిపోగా నీలం ఒక్కటే మిగిలినది. ఇయోసిన్‌లో బ్రోమిన్ అనే మూలకం ఉన్నది. ఎరుపు వెలిసినా బ్రోమిన్ పోలేదు గనుక, ఎక్స్ కిరణాల సాయంతో దాని జాడ పట్టి ఎక్కడెక్కడ ఎరుపు ఉండేదో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అతని తెల్లని గులాబీల చిత్రం ఒకటి ఉన్నది. అవి 1890 లో పూచినప్పుడు గులాబిరంగువే.

ఇది అతనికి తెలియక జరిగినదనుకొంటే పొరబడినట్లే. చిత్రాలు కూడ పూలవలె వాడిపోతవని అతడు 1889 లో తమ్మునితో అన్నాడు. అంతకు ఏడాది ముందే, కొత్తగా వాడుకలోకి వచ్చిన రంగులు నిలకడ లేనివని, కనుకనే వాటిని జంకు లేకుండ ముదురుగా వాడవలెనని, కాలమే వాటిని కావలసినదానికంటె మెత్తబరుస్తుందని అభిప్రాయపడినాడు. కొడవలినుండి పువ్వును తప్పించడానికి రంగును ఆశ్రయించినాడు. రంగుకు కూడ ఒక కొడవలి ఉన్నదని ఎరిగియే ఆశ్రయించినాడు.

అయితే మిగిలినదేమిటి? బటర్‌కప్‌లు ఆ వేసవిలోనే పోయినవి. ఐరిస్ పూలలోని ఎరుపు తరువాత పోయినది. కుంచె లేపిన గట్టు మాత్రం ఉన్నది. ఒక మనిషి ఒక పువ్వు ముందు నిలబడి, దానిని చూచి, చేయి కదిలించిన ఆ క్షణపు ఒత్తిడి, వేగం, దిశ ఆ గట్టులో ఈనాటికీ చెక్కుచెదరక ఉన్నవి. అది పువ్వు ఆకారం కాదు, పువ్వు రంగు కూడ కాదు. పువ్వు మీద పెట్టిన శ్రద్ధకు మిగిలిన ఆకారం. 1890 లో ఓవేర్ గ్రామంలో అతడు తన కడపటి దినాలు గడిపినాడు. ఆ సుమారు 70 దినాలలో సుమారు 70 చిత్రాలు వేసినాడు. వాటిలో పాపీ పూల పొలం ఒకటి. ఆ పూలలో ఏ ఎరుపు ఎంత వెలిసినదో శాస్త్రజ్ఞులు చెప్పవలెను గాని, చేయి ఎంత వేగంగా, ఎంత నిశ్చయంగా నడిచినదో తెలియడానికి కన్ను చాలును.

ఇక్కడనే మన పాఠశాలల సంగతి చెప్పవలసి ఉన్నది. మన పిల్లలలో చాలమంది ఈ చిత్రాలను అచ్చుకాగితం మీదనో, చేతిఫోను అద్దం మీదనో చూస్తారు. అచ్చు రంగును చూపుతుంది, కూర్పును చూపుతుంది. గట్టును చదును చేసివేస్తుంది. అనగా కాలానికి ఎక్కువగా తట్టుకొని నిలిచిన అంశమే మన పిల్లలకు అందకుండ పోతున్నది. దీనికి ఉపాధ్యాయులు చేయగల చిన్న ఉపాయం ఉన్నది. ఒక అట్టముక్క మీద పోస్టరు రంగులో పిండిజిగురు కలిపి నాలుగైదు గట్లు పెట్టించండి. ఆరిన తరువాత దానిని కిటికీ పక్కకు తీసికొనిపోయి, వెలుగుకు ఎదురుగా ఒకసారి, పక్కగా ఒకసారి పట్టి చూపించండి. ఒకే రంగు రెండుగా మారడం పిల్లలు తమ కండ్లతో చూస్తారు. జిగురురంగు ఆరి కొంత కుంగుతుంది, అక్కడక్కడ పగులుతుంది కూడ. నూనె ఎందుకు కావలసి వచ్చినదో ఆ పగుళ్ళే చెప్పుతవి. తరువాత ఫోనులోని చిత్రాన్ని చూపితే, అందులో లేనిది ఏమిటో వారు ఊహించుకొనగలరు.

దానికంటె ముఖ్యమైనది మరొకటి. వర్షాకాలం వెళ్ళేనాటికి మన బంజర్లలో తంగేడు పసుపుగా విరగబూస్తుంది; చేలగట్ల మీద గునుగు తెల్లగా కంకులు వేస్తుంది. తెలంగాణలో బతుకమ్మను పేర్చే ఇండ్ల పిల్లలకు ఈ పూల బరువు, బిరుసు చేతులకే తెలుసు. కోసి తెచ్చిన తరువాత కాక, కోయక ముందు, అవి నిలిచి ఉన్నచోట ఒక అరగంట కూర్చుండబెట్టి చూడనివ్వండి. ఏ కొమ్మ ఎటు వంగినదో, పసుపు పక్కన ఆకుపచ్చ ఎట్లు ముదురుగా తోచుచున్నదో గమనించనివ్వండి. కాగితం, రంగులు తరువాత ఇయ్యవచ్చును. రేకులు తప్పినా పరవాలేదు. మచ్చలు చెదరినా పరవాలేదు. చూచిన చూపు గీతలో దిగినదా లేదా అన్నదే పరీక్ష.

ఆర్ల్ బీడును మరల చిత్రించాలని వాన్ గో కోరుకొన్నాడు. పచ్చిక కోసేవారు చిత్రకారుల కోసం ఆగరు. ఆగరని తెలిసినవాడు గనుకనే, కుదరని కూర్పుతో తంటాలు పడుతూ కూడ, ఆ మొదటి చిత్రాన్ని అతడు వాయిదా వేయలేదు.